టెరాఫ్లాప్స్ ఒక్కటే చూసి గ్రాఫిక్స్ కార్డు కొనమనడం తగదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక సాంకేతిక పేజీలో ఇటీవల రెండు గ్రాఫిక్స్ కార్డులను (కంప్యూటర్‌లో ఆటల, వీడియోల బొమ్మలను లెక్కగట్టి తెరకు అందించే భాగాలను) పక్కపక్కన పెట్టి ఒక పట్టిక ప్రచురించారు. ఒకటి ఎన్‌విడియా సంస్థ 2021 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ మెమరీ గలది. రెండోది అదే సంస్థ 2023 జూన్‌లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 4060, 8 జీబీ మెమరీ గలది. పట్టికలోని అంకెల్లో నాకు తప్పు కనిపించలేదు. నా అభ్యంతరమల్లా పట్టిక కింద వేసిన ఒక్క వాక్యం మీదనే. కొత్త కార్డు 15.11 టెరాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల గణనలో చెప్పే కొలత), పాతది 12.74 టెరాఫ్లాప్స్, కాబట్టి కొత్తది 18 శాతానికి పైగా మెరుగైనదనీ, ఏ పనికైనా అదే తీసుకోవాలనీ అందులో తేల్చేశారు. మా వీధిలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసుకునే ఒక కుర్రవాడు ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకొని వచ్చి, "మాస్టారూ, పేపర్లోనే రాశారు కదా, కళ్లు మూసుకొని 4060 తీసేసుకోమంటారా?" అని అడిగాడు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. అతనికి చెప్పిన సమాధానాన్నే కొంచెం విడమరిచి మీకు రాస్తున్నాను. నిడివి ఎక్కువనిపిస్తే కుదించండి గానీ అంకెలను మాత్రం తీసివేయవద్దని మనవి.

ముందుగా ఆ టెరాఫ్లాప్స్ అనే అంకె ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. ఎవరూ కార్డును నడిపించి కొలిచిన అంకె కాదది. కాగితం మీద చేసిన గుణకారం. కార్డులోని కోర్ల (గణనలు చేసే చిన్న భాగాల) సంఖ్యను క్లాక్ వేగంతో, అంటే సెకనుకు వచ్చే స్పందనల సంఖ్యతో గుణించి, దాన్ని మళ్లీ రెండుతో గుణిస్తారు. ఒక కోరు ఒక క్లాక్ స్పందనలో ఒక గుణకారాన్నీ ఒక కూడికనూ కలిపి ఒకే ఆదేశంగా చేయగలదు గనుక, దాన్ని రెండు గణనలుగా లెక్కిస్తారు. ఆ రెండు అక్కడి నుంచి వచ్చింది. 3060లో 3584 కోర్లు, బూస్ట్ క్లాక్ (భారం పడినప్పుడు అందుకునే వేగం) 1777 మెగాహెర్ట్జ్. మూడింటినీ గుణిస్తే సెకనుకు 12.74 లక్షల కోట్ల గణనలు వస్తాయి. 4060లో కోర్లు తగ్గి 3072 అయ్యాయి, కానీ క్లాక్ 2460 మెగాహెర్ట్జ్‌కు పెరిగింది. అందువల్ల లెక్క 15.11 లక్షల కోట్లకు చేరింది. బడ్జెట్ ప్రసంగాల్లో తప్ప మనం వినని సంఖ్యలు కావడంతో చూడగానే గౌరవం కలుగుతుంది. అయితే ఆ సంఖ్య నిజం కావాలంటే ప్రతి కోరూ, ప్రతి క్లాక్ స్పందనలోనూ, గుణకారమూ కూడికా జంటగా వచ్చే పనినే చేస్తూ ఉండాలి. దానికి కావలసిన అంకెలు ఎప్పటికప్పుడు చేతికి అందుతూ ఉండాలి. అటువంటి పని నిత్యజీవితంలో అరుదు. కనుక దీన్ని పైకప్పుగా చూడాలి. అంతకు మించి ఎక్కలేరని అది చెబుతుంది. అంతదాకా ఎక్కుతారని హామీ ఇవ్వదు.

ఆ పైకప్పు కూడా నిక్కచ్చిది కాదనడానికి ఒక చిన్న లెక్క చూడండి. 2019లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 2060 లెక్క 6.45 టెరాఫ్లాప్స్. దాని తరువాతి 3060 లెక్క 12.74, అంటే దాదాపు రెట్టింపు. ఆటల్లో మాత్రం ఆ పెరుగుదలలో నాలుగో వంతు కూడా కనిపించలేదు. కారణం లోపలి నిర్మాణంలో ఉంది. 2060 తరంలో దశాంశ సంఖ్యల గణనకు ఒక దారి, పూర్ణాంకాల గణనకు మరో దారి వేర్వేరుగా ఉండేవి. 3060 తరంలో రెండో దారిని రెంటికీ పనికివచ్చేలా మార్చి, దాన్ని కూడా కోర్ల లెక్కలో కలిపారు. ఆటల్లో ప్రతి 100 దశాంశ గణనలకు సుమారు 36 పూర్ణాంక గణనలు వస్తాయని ఆ సంస్థే 2018లో చెప్పింది. ఆ పాళ్లలో పని వస్తే దశాంశ గణనలకు మిగిలేది మొత్తంలో నాలుగింట మూడు వంతుల లోపే, 12.74 కాస్తా 9.4 దగ్గరికి దిగుతుంది. 4060కూ ఇదే వర్తిస్తుంది, అది 11.1 దగ్గర ఆగుతుంది. ఇక ఒక కంపెనీ కార్డును మరో కంపెనీ కార్డుతో ఈ కొలబద్దతో పోల్చడం మరీ ప్రమాదకరం. ఏఎండీ వారి ఆర్ఎక్స్ 580 లెక్క 6.17 టెరాఫ్లాప్స్, ఎన్‌విడియా జీటీఎక్స్ 1060 లెక్క 4.37. కాగితం మీద 40 శాతం తేడా ఉన్నా, ఆటల్లో ఆ రెండూ ఏళ్ల తరబడి నువ్వా నేనా అన్నట్టుగానే నడిచాయి.

ఇప్పుడు మీ పట్టికలో చివరి వరుసలో, చిన్న అక్షరాల్లో పడిన అంకె దగ్గరికి వస్తాను. మెమరీ నుంచి కోర్లకు సమాచారం ఎంత వేగంగా చేరుతుందో చెప్పే బ్యాండ్‌విడ్త్ అది. 3060కి సెకనుకు 360 జీబీ, 4060కి 272 జీబీ. అంటే కొత్త కార్డులో ఇది నాలుగో వంతు తగ్గింది! కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ని కనుక కాలువ పోలికే నాకు దగ్గర. కాలువలో ఎంత నీరు పారుతుందో తెలియాలంటే వెడల్పూ చూడాలి, ప్రవాహ వేగమూ చూడాలి. 3060 కాలువ వెడల్పు 192 బిట్లు, ఒక్కో బిట్ దారిలో వేగం సెకనుకు 15 గిగాబిట్లు. ఈ రెంటినీ గుణించి, ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక ఎనిమిదితో భాగిస్తే 360 వస్తుంది. 4060లో వేగం 17కు పెంచారు గానీ వెడల్పును 128కి కుదించారు. అదే లెక్క చేస్తే 272 వస్తుంది. ఆయకట్టు పెంచి కాలువను ఇరుకు చేశారన్నమాట.

ఈ రెండు అంకెలనూ విడివిడిగా చూడడం కన్నా ఒకదానితో ఒకటి భాగించి చూడడం మేలు. 3060 కోర్లు ఖాళీగా కూర్చోకుండా ఉండాలంటే మెమరీ నుంచి వచ్చే ప్రతి బైటు మీద సుమారు 35 గణనలు జరగాలి. 4060లో అదే బైటు మీద దాదాపు 56 గణనలు జరగాలి. ఒక దశాంశ సంఖ్యకు నాలుగు బైట్లు కనుక, తెచ్చిన ప్రతి సంఖ్య మీదా పాత కార్డులో 142 గణనలు, కొత్త కార్డులో 222 గణనలు జరిగితేనే ప్రకటించిన టెరాఫ్లాప్స్‌కు న్యాయం జరుగుతుంది. ఒకసారి తెచ్చిన సంఖ్యను పదే పదే వాడుకునే పని అయితే కొత్త కార్డు ముందుంటుంది. ఒకసారి తెచ్చి, రెండు లెక్కలు చేసి, పక్కన పడేసే పని అయితే పాత కార్డు ముందుంటుంది. మీ పట్టిక కింద ఉండవలసిన వాక్యం ఇదే. దాన్ని రాయడానికి ఏ ప్రయోగశాలా అక్కరలేదు. మీరు వేసిన అంకెలే చాలు.

న్యాయంగా చెప్పాలంటే, ఎన్‌విడియా ఇంజినీర్లు కాలువను ఇరుకు చేసి ఊరుకోలేదు. చిప్ లోపలే ఉండే రెండో అంచె క్యాష్‌ను (తాత్కాలిక నిల్వను) 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు. పొలం గట్టునే చెరువు తవ్వించినట్టు ఇది: మళ్లీ మళ్లీ కావలసిన సమాచారం చెరువులోనే దొరికితే కాలువ దాకా పోనక్కరలేదు. సంస్థ తన వివరాల్లో 272 పక్కనే, ఫలితరీత్యా 453 జీబీతో సమానమని మరో అంకె ఇచ్చుకుంది. 272ను 453తో భాగించి చూస్తే, మెమరీని అడగవలసిన ప్రతి వంద సార్లలో నలభై క్యాష్‌లోనే తీరిపోతాయన్న ఊహ దాని వెనుక ఉందని తెలుస్తుంది. 1080 పిక్సెళ్ల తెర మీద ఆడే చాలా ఆటల్లో ఈ ఊహ బాగానే నిలుస్తుంది. అక్కడ 4060 నిజంగానే సుమారు ఐదో వంతు ముందుంటుంది. టెరాఫ్లాప్స్ తేడాకూ ఈ ఆటల తేడాకూ పొత్తు కుదరడంతోనే చిక్కంతా వచ్చింది. ఒకచోట సరిపోయిన కొలబద్ద అన్నిచోట్లా సరిపోతుందని అనుకున్నాం. తెర పరిమాణం పెరిగే కొద్దీ, ఒక్కో ఫ్రేముకు (తెర మీద మారే ఒక్కో బొమ్మకు) కావలసిన సమాచారం 24 ఎంబీని దాటి పొంగిపొర్లే కొద్దీ, ఆ నలభై తగ్గుతూ వస్తుంది. 453 అనే అంకె తరిగిపోయి 272 వైపు జారుతుంది. 360 మాత్రం ఎప్పుడూ 360గానే ఉంటుంది.

మెమరీ పరిమాణం సంగతి మరింత సూటిగా ఉంటుంది. పాత కార్డుకు 12 జీబీ, కొత్తదానికి 8 జీబీ ఏమిటని ఆ కుర్రవాడు ఆశ్చర్యపోయాడు. ఇందులో ఔదార్యమూ లేదు, పిసినారితనమూ లేదు. ఒక్కో మెమరీ చిప్‌కు 32 బిట్ల దారి కావాలి. 192 బిట్ల కార్డుకు ఆరు చిప్‌లు పడతాయి. 1 జీబీ చిప్‌లు వేస్తే మొత్తం 6 జీబీ, 2 జీబీవి వేస్తే 12 జీబీ. ఆ పద్ధతిలో నడిమి మార్గం లేదు. 2021 నాటికి 6 జీబీ చాలదని తెలిసిపోవడంతో 12 వేశారు. 128 బిట్ల కార్డుకు నాలుగే చిప్‌లు పడతాయి కనుక 2 జీబీ చొప్పున 8 జీబీ అయింది. మెమరీ సరిపోయినంత కాలం 8కీ 12కీ తేడా ఏమీ తెలియదు. గాదె ఖాళీగా ఉన్నప్పుడు దాని సైజు ఎవరికీ పట్టదు. నిండిన మరుక్షణం కథ మారిపోతుంది. మిగిలిన సమాచారాన్ని కంప్యూటర్ ప్రధాన మెమరీలో దాచి, కావలసినప్పుడల్లా మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిగుండా తెచ్చుకోవాలి.

ఇక్కడే మీ పట్టికలో అసలు లేని ఒక వివరం అడ్డు తగులుతుంది. 3060 ఆ దారిలో 16 లేన్లు వాడుకుంటుంది. 4060కి ఎనిమిదే లేన్లు. కార్డులు రెండూ నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌వి. మదర్‌బోర్డూ ప్రాసెసరూ కూడా నాలుగో తరానివైతే 4060కి ఎనిమిది లేన్ల మీద సెకనుకు దాదాపు 16 జీబీ వస్తుంది. మన ఊళ్లలో కొన్నేళ్ల కిందట అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్‌లలో మూడో తరానివి చాలానే ఉన్నాయి. మార్కెట్లో బాగా అమ్ముడైన రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ కూడా మూడో తరం దారినే ఇస్తుంది. అందులో 4060 పెడితే ఆ 16 కాస్తా 8 అవుతుంది. కార్డు సొంత మెమరీ ఇచ్చే 272తో పోలిస్తే ఇది 34 రెట్లు నెమ్మది. మెమరీ నిండిపోయిన చోట ఆట తడబడి, ఫ్రేములు ఆగి ఆగి రావడానికి కారణం ఇదే. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు, ఆ వ్యవధిలో 8 జీబీ దారిగుండా వచ్చేది 130 ఎంబీ పైచిలుకు మాత్రమే. 3060 అదే పాత బోర్డు మీద తన 16 లేన్లతో 16 జీబీ తెచ్చుకుంటుంది, పైగా దానికి నిండే అవసరమే ఆలస్యంగా వస్తుంది. కొత్త కార్డు కొనేవారిలో పాత సిస్టమ్‌కు ఊపిరి పోద్దామని కొనేవారే మన దగ్గర ఎక్కువ. వాళ్లకు టెరాఫ్లాప్స్ కన్నా ఈ లేన్ల లెక్క ముందు తెలియాలి.

ఇక నాకు నిజంగా చిరాకు తెప్పించిన అంకె ఒకటుంది. కృత్రిమ మేధ పనులకు వాడే టెన్సర్ కోర్ల సామర్థ్యం 3060కి 102, 4060కి 242 అని మీ పట్టికలో ఉంది. సంస్థ ప్రకటించిన అంకెలే ఇవి, మీరు కల్పించినవి కావు. చూసినవారు ఎవరైనా దాదాపు రెండున్నర రెట్లు అయిందనే అనుకుంటారు. అయితే 102 అనేది 16 బిట్ల సంఖ్యలతో చేసే గణన లెక్క. 242 అనేది 8 బిట్ల సంఖ్యలతో చేసే గణన లెక్క. సంఖ్య పొడవు సగమైతే గణనల సంఖ్య రెట్టింపవుతుంది, అంతే. ఒకడు కేజీల్లో తూచి, మరొకడు వీశెల్లో తూచి, అంకెలను మాత్రం పక్కపక్కన రాసినట్టుంది ఇది. 4060ని కూడా 16 బిట్లలోనే లెక్కిస్తే 121 వస్తుంది. మళ్లీ ఈ 102, 121 రెండూ కూడా, గుణకాల్లో సగం సున్నాలై ఉంటాయన్న ఒక ప్రత్యేక సదుపాయం ఆధారంగా రెట్టింపు చేసినవే. ఆ సదుపాయం లేకుండా మామూలుగా చూస్తే 51, 60 మిగులుతాయి. రెండున్నర రెట్లుగా కనిపించిన తేడా ఒకే తూకంలో వేయగానే మళ్లీ ఆ పాత 18, 19 శాతం దగ్గరికే వచ్చింది. 8 బిట్ల దశాంశ గణన కొత్త కార్డులో ఉండడం, పాతదానిలో లేకపోవడం నిజమే. దాన్ని అదనపు సౌకర్యంగా చెప్పాలి తప్ప వేగంగా చూపకూడదు.

ఇంజినీరింగ్ విద్యార్థులు ఇప్పుడు ఇంట్లోనే చిన్న భాషా నమూనాలను (చాట్‌జీపీటీ తరహాలో వాక్యాలు పుట్టించే ప్రోగ్రాములను) నడిపి చూసుకుంటున్నారు. వాళ్ల లెక్క ఆటగాళ్ల లెక్కకు పూర్తిగా తలకిందులు. నమూనా ఒక్కో పదశకలాన్ని (టోకెన్‌ను) పుట్టించేటప్పుడు తన పరామితులన్నింటినీ, అంటే శిక్షణలో నేర్చుకున్న అంకెలన్నింటినీ, మెమరీ నుంచి ఒకసారి చదవాలి, చదివిన ప్రతిదాని మీదా చేసే గణన కొద్దిపాటిదే. తెచ్చి, రెండు లెక్కలు చేసి, పడేసే పని అని పైన అన్నానే, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. 700 కోట్ల పరామితుల నమూనాను 4 బిట్లకు కుదిస్తే సుమారు 3.5 జీబీ అవుతుంది. 360ని 3.5తో భాగిస్తే సెకనుకు దాదాపు 103 పదశకలాలు. 272ని భాగిస్తే 78కి కొంచెం తక్కువ. ఇవీ పైకప్పులే, వాస్తవంలో తక్కువ వస్తాయి. కానీ ఏ కార్డు ముందుంటుందన్న విషయంలో సందేహం ఉండదు: టెరాఫ్లాప్స్‌లో వెనుకబడ్డ పాతదే. 1300 కోట్ల పరామితుల నమూనా అయితే పరామితులకే 6.5 జీబీ పోతుంది. సంభాషణ గుర్తుంచుకోవడానికీ, తెర మీద బొమ్మ చూపడానికీ మరికొంత కావాలి. 8 జీబీ కార్డులో అది ఉక్కిరిబిక్కిరవుతుంది, 12 జీబీలో కాళ్లు చాపుకొని కూర్చుంటుంది. ఈ విద్యార్థి మీ పేజీ చదివి కొత్త కార్డు కొంటే, ఎక్కువ అంకెకు డబ్బిచ్చి తక్కువ పని చేయించుకున్నవాడవుతాడు.

మా వీధి కుర్రవాడి పని వేరు. అతను పెళ్లిళ్లను 4కేలో తీస్తాడు. చీకటి మండపంలో తీసిన దృశ్యాల్లో మచ్చలు తొలగించడానికి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ వాడతాడు. ఆ పనికి గణనశక్తీ కావాలి, అంతకన్నా ముందు మెమరీ కావాలి. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మెమరీ నిండిందన్న సందేశం తెర మీద కనిపించగానే రెండర్ ఆగిపోతుంది, రిసెప్షన్ నాటికి చూపిస్తానన్న వీడియో ఆగిపోతుంది. మరోవైపు 4060లో ఏవీ1 పద్ధతిలో వీడియోను కుదించి రాసే హార్డ్‌వేర్ ఉంది. 3060 ఆ పద్ధతిలో ఉన్న వీడియోను చదవగలదు గానీ రాయలేదు. యూట్యూబ్‌కు ఎక్కించేవారికి ఇది చిన్న లాభం కాదు. అన్నింటికన్నా అతన్ని నిరాశపరిచిన విషయం మరొకటుంది. అతని కొత్త కెమెరా 10 బిట్, 4:2:2 అనే పద్ధతిలో, రంగుల వివరాలు ఎక్కువగా నిలిచేలా రికార్డు చేస్తుంది. ఆ ఫైళ్లను నేరుగా విప్పే హార్డ్‌వేర్ ఈ రెండు కార్డుల్లో దేనిలోనూ లేదు. ఎన్‌విడియా దాన్ని ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డుల్లోనే చేర్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి, ఆ చిప్‌లోనే ఉండే గ్రాఫిక్స్ భాగం హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలోని 4:2:2 ఫైళ్లను విప్పగలదు. అంటే టైమ్‌లైన్ మీద క్లిప్ సాఫీగా కదలడానికి అతనికి 15 టెరాఫ్లాప్స్ కార్డు కన్నా సరైన ప్రాసెసరే ఎక్కువ అక్కరకొస్తుంది. ఏ పట్టికలోనైనా ఇది కనిపిస్తుందా?

కొత్త కార్డును కించపరచాలని నా ఉద్దేశం కాదు. విద్యుత్తు విషయంలో అది పాతదాన్ని స్పష్టంగా ఓడించింది. 3060 గరిష్ఠ వాడకం 170 వాట్లు, 4060ది 115 వాట్లు. టెరాఫ్లాప్స్‌ను వాట్లతో భాగిస్తే ఒక్కో వాటుకు పని 75 శాతం పెరిగింది. శామ్‌సంగ్ వారి 8 నానోమీటర్ల చిప్ తయారీ పద్ధతి నుంచి తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్ఎంసీ వారి కొత్త పద్ధతికి మారడం దీనికి ముఖ్య కారణం. రోజుకు నాలుగు గంటలు పూర్తి భారంతో నడిపితే 55 వాట్ల తేడా వల్ల ఏడాదికి 80 యూనిట్లు మిగులుతాయి; యూనిట్ 8 రూపాయలనుకుంటే 640 రూపాయలు. పెద్ద మొత్తం కాదు గానీ, ఎండాకాలంలో ఏసీ లేని గదిలో కూర్చొని రెండర్ చేసుకునేవాడికి ఆ వేడి తగ్గడం రూపాయల్లో కొలవలేనిది. పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే పెట్టె) మార్చకుండా సరిపెట్టుకునే అవకాశమూ 4060కే ఎక్కువ. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కొత్త ఫ్రేములను పుట్టించే సదుపాయం కూడా దానిదే; అయితే ఆ సదుపాయమే మరికొంత మెమరీని తినేస్తుందని మరువకూడదు.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక వేసి ఉంటే పాఠకులకు ఇంకా మేలు జరిగేది. మీరు 3060 అని రాస్తే పాఠకుడు దుకాణంలో 3060 అనే అడుగుతాడు. 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీ కార్డు కూడా వచ్చింది. కోర్లు అవే 3584, టెరాఫ్లాప్స్ అంతే, కానీ కాలువ వెడల్పు 128 బిట్లు, బ్యాండ్‌విడ్త్ 240 జీబీ. మీ కొలబద్ద ప్రకారం ఆ రెండూ కవల పిల్లలు. వాస్తవంలో మూడో వంతు కాలువను పూడ్చేసిన కార్డది. ఇది కొత్త వింతేమీ కాదు. జీటీ 1030 కార్డు 2017లో వచ్చినప్పుడు దాని బ్యాండ్‌విడ్త్ 48 జీబీ, మరుసటి ఏడాది అదే పేరుతో నాసిరకం మెమరీ వేసి వచ్చినదానికి 16.8 జీబీ. ల్యాప్‌టాప్‌ల సంగతి చెప్పనే అక్కరలేదు. ల్యాప్‌టాప్‌లోని 4060కి కూడా 3072 కోర్లే ఉంటాయి, కానీ తయారీదారు దాన్ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా బిగించవచ్చు. బూస్ట్ క్లాక్ 1470 నుంచి 2370 మెగాహెర్ట్జ్ దాకా మారుతుంది. లెక్క వేస్తే 9 టెరాఫ్లాప్స్ నుంచి 14.6 దాకా వస్తుంది. పెట్టె మీది స్టిక్కర్ రెంటికీ ఒకటే. ఇక ల్యాప్‌టాప్‌లోని 3060కి 12 జీబీ కాదు, 6 జీబీయే. ఇంజినీరింగ్ సీటు రాగానే పిల్లలకు ల్యాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు మీ పేజీని చూసే కొంటారు. వాట్ల సంఖ్య అడగమని ఒక్క మాట వారికి చెప్పండి.

కాబట్టి నా మనవి ఇది. ఇకముందు ఇటువంటి పట్టికలు వేసినప్పుడు టెరాఫ్లాప్స్ పక్కన అది లెక్కించిన అంకె అని, కొలిచిన అంకె కాదని రాయండి. బ్యాండ్‌విడ్త్‌ను, మెమరీ పరిమాణాన్ని, లేన్ల సంఖ్యను, వాట్లను అదే సైజు అక్షరాల్లో వేయండి. కృత్రిమ మేధ అంకె వేయదలచుకుంటే అది ఎన్ని బిట్ల లెక్కో చెప్పండి, లేదా ఆ వరుసే తీసివేయండి. ఎన్‌విడియాకూ ఏఎండీకీ హైదరాబాద్‌లోనే ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఇటువంటి చిప్‌ల మీద పనిచేసే తెలుగు ఇంజినీర్లు మన మధ్యే ఉన్న కాలంలో, ఒక పట్టికను అచ్చుకు ముందు చదివిపెట్టమని వారిలో ఒకరిని అడగడం మీ పత్రికకు కష్టమేమీ కాదు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060ని కూడా త్వరలో మీరు పోల్చబోతారని ఊహిస్తున్నాను. దాని కాలువ వెడల్పు కూడా 128 బిట్లే, కానీ కొత్త రకం మెమరీ వల్ల బ్యాండ్‌విడ్త్ 448కి చేరింది. గాదె మాత్రం ఇప్పటికీ 8 జీబీయే, లేన్లు ఎనిమిదే. దాని 19 టెరాఫ్లాప్స్‌ను శీర్షికలో పెట్టే ముందు ఈ మూడింటినీ చూడండి.

ఆ కుర్రవాడు చివరకు ఏం కొన్నాడని మీరు అడగవచ్చు. అతని సిస్టమ్ మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ది, 4కే దృశ్యాల్లో మచ్చలు తొలగించడమే ముఖ్యమైన పని, ఏవీ1 గురించి అతని ఖాతాదారులెవరూ అడగరు. వారంటీ మిగిలి ఉన్న 12 జీబీ 3060 ఒకటి దొరికితే, పెట్టె మీద 12 అనీ 192 అనీ ఉన్నాయో లేదో చూపించుకొని, బిల్లు మీద కూడా 12 జీబీ అని రాయించుకొని తెచ్చుకున్నాడు. బిల్లు మీద రాయించుకొమ్మన్నది నేనే.

ఇట్లు,
విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
తెనాలి.